వరుగులకు బూజు పడితే...

పెరట్లో పాదులూ మొక్కలూ విరగకాసినప్పుడు ఇంటిల్లిపాదీ తిన్నా, ఇరుగుపొరుగులకు పంచినా ఇంకా కాయలు మిగులుతాయి. మిగిలిన వంకాయలు, గోరుచిక్కుళ్ళు, కాకరకాయలు వరుగులు చేసి దాచుకోవడం మన ఇళ్ళలో పాత అలవాటు. మంచి అలవాటే. కాని ఒక జాగ్రత్త అవసరం.

ఆ మధ్య మోకాళ్ళ నొప్పుల మందు కోసం వచ్చిన ఒక పెద్దావిడ మాటల మధ్య ఇలా అడిగారు: "డబ్బాలో వరుగులకు బూజు పట్టింది డాక్టరుగారూ! చేతులారా పండించుకున్నవి. పారెయ్యడానికి మనసొప్పడం లేదు. తుడిచి ఎండలో పోస్తే పనికిరావా?"

"పనికిరావమ్మా, పారెయ్యండి" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

కంటికి కనిపించే బూజును తుడిచెయ్యవచ్చు. లోపలికి దిగిన విషాన్ని తుడవలేం. కొన్ని రకాల బూజులు 'అఫ్లాటాక్సిన్' అనే విషాన్ని తయారుచేస్తాయి. కడిగినా, నూనెలో వేయించినా అది పూర్తిగా పోదు. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి చేరితే కాలేయానికి కాన్సర్ రావచ్చు. ఎక్కువ మోతాదులో అయితే వెంటనే ప్రాణం మీదికే వస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో ఇలాంటి బూజు పట్టిన మొక్కజొన్నలు తిని, కామెర్లు వచ్చి, వందమందికి పైగా చనిపోయారు.

బూజుకు మూలం తడి. కనుక లేత కాయలను కడిగి, పలుచగా తరిగి, మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉంచి తియ్యండి. నీరు ఓడ్చి, శుభ్రమైన బట్టమీద పరచి, పైన పలుచని గుడ్డ కప్పి, మంచి ఎండలో పెట్టండి. మంచు పడకముందే, సాయంత్రం లోపలికి తెచ్చెయ్యాలి. విరిస్తే పెళుక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్లే. వేడి చల్లారాక పొడి సీసాలో పోసి, గట్టిగా మూత పెట్టండి. తడిచెయ్యి మాత్రం పెట్టకండి.

రక్తపుపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికోసం ఉప్పు వెయ్యకుండా విడిగా ఎండబెట్టండి. ఎండలో విటమిన్ 'సి' చాలావరకు నశిస్తుంది. అందుచేత వరుగుల కూర వండిన రోజున భోజనంలో నిమ్మకాయో, తర్వాత జామకాయో ఉండేట్లు చూసుకోండి.

ఇంత చేసినా ఎప్పుడైనా బూజు కనిపిస్తే, వాసన తేడాగా ఉంటే, సందేహించకుండా పారెయ్యండి. పెరడు వచ్చే ఏడూ కాస్తుంది.