తోబా మహా విస్ఫోటనం

తోబా మహా విస్ఫోటనం సుమారు 74,000 సంవత్సరాల క్రితం ఇండొనేషియాలోని సుమత్రా దీవిలో, నేటి తోబా సరస్సు ఉన్న చోట సంభవించిన అగ్నిపర్వత విస్ఫోటనం. గత ఇరవై లక్షల సంవత్సరాలలో భూమిపై జరిగిన అతి పెద్ద విస్ఫోటనాలలో ఇది ఒకటి. దీని బూడిద భారత ఉపఖండమంతటా పడినది. ఆంధ్ర ప్రదేశ్, నంద్యాల జిల్లా, బనగానపల్లె మండలంలోని జ్వాలాపురం గ్రామం వద్ద ఆ బూడిద పొర నేటికీ కనిపిస్తుంది. విస్ఫోటనం మానవులపై చూపిన ప్రభావాన్ని పరిశీలించడానికి ప్రపంచంలో లభించిన ముఖ్య స్థలాలలో జ్వాలాపురం ఒకటి.

మహా అగ్నిపర్వతం అనగా

విస్ఫోటన తీవ్రతను 0 నుండి 8 వరకు గల సూచికతో కొలుస్తారు. వెయ్యి ఘన కిలోమీటర్లకు మించి పదార్థాన్ని వెదజల్లిన విస్ఫోటనానికి 8 అంకెను ఇస్తారు. అటువంటి విస్ఫోటనం జరిగిన అగ్నిపర్వతాన్ని మహా అగ్నిపర్వతం లేదా సూపర్ వోల్కనో అంటారు. ఇవి శంఖాకారపు కొండలుగా కనబడవు. శిలాద్రవం బయటకు పోయిన తరువాత పైభూమి కుంగి విశాలమైన గుంట ఏర్పడుతుంది. సుమారు 100 కి.మీ. పొడవు, 30 కి.మీ. వెడల్పు గల తోబా సరస్సు అటువంటి గుంటలో నిండిన నీరే.

తోబా నుండి వెలువడిన శిలాద్రవం సుమారు 2,800 ఘన కిలోమీటర్లని అంచనా. 1991లో ఫిలిప్పీన్స్‌లో పేలిన పినటుబో కంటే ఇది కొన్ని వందల రెట్లు ఎక్కువ. ఈ స్థాయి విస్ఫోటనాలలో చివరిది సుమారు 26,000 సంవత్సరాల క్రితం న్యూజీలాండ్‌లోని టౌపో వద్ద జరిగినది. దక్కన్ పీఠభూమి నల్లరాతి పొరలకు వీటితో సంబంధం లేదు. అవి సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళ నుండి లావా ప్రవహించి ఏర్పడినవి.

జ్వాలాపురం బూడిద

జ్వాలాపురం జుర్రేరు వాగు లోయలో ఉన్నది. తోబా ఇక్కడికి ఆగ్నేయంగా 2,600 కి.మీ.కు పైగా దూరంలో ఉన్నది. ఆకాశం నుండి నేరుగా పడిన బూడిద ఇక్కడ కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. అయితే చుట్టుపక్కల వాలుల నుండి వాన నీటికి కొట్టుకు వచ్చి పల్లంలో చేరడంతో పొర మందం కొన్ని చోట్ల 2 మీటర్లు దాటింది. తెల్లగా, మెత్తగా కనిపించే ఈ పొడి నిజానికి సూక్ష్మమైన గాజు ముక్కల సముదాయం. పాత్రలు తోమే పొడుల తయారీకి స్థానికంగా దీనిని తవ్వి తీసేవారు.

ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, అప్పట్లో బ్రిటన్‌లో పనిచేస్తున్న మైఖేల్ పెట్రాగ్లియా తదితరులు ఇక్కడ త్రవ్వకాలు జరిపి 2007లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. గాజు ముక్కల రసాయన కూర్పు తోబా బూడిదతో సరిపోయినది. బూడిదకు క్రింది పొర సుమారు 77,000 సంవత్సరాల నాటిదని, పై పొర సుమారు 74,000 సంవత్సరాల నాటిదని లెక్క తేలినది. రెండు పొరలలోనూ మధ్య పాతరాతి యుగపు రాతి పనిముట్లు లభించాయి. వాటి తయారీ పద్ధతిలో పెద్ద మార్పు లేదు. అనగా విస్ఫోటనం తరువాత కూడా ఈ లోయలో మనుషులు జీవించారని పరిశోధకులు భావించారు. ఎముకలు దొరకనందున ఆ పనిముట్లు చేసినవారు ఆధునిక మానవులా, మరొక మానవజాతివారా అన్నది వివాదాస్పదంగానే ఉన్నది.

ప్రపంచంపై ప్రభావం

బూడిద కొద్ది రోజులలో, వారాలలో నేలకు దిగుతుంది. దీర్ఘకాలిక నష్టం కలిగించేది గంధక వాయువు. ఇది స్ట్రాటోస్ఫియర్‌కు చేరి సల్ఫేటు తుంపరలుగా మారి సూర్యరశ్మిని వెనుకకు మళ్ళిస్తుంది. పినటుబో తరువాత భూగోళ సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గింది, 1992లో భూభాగాలపై వర్షపాతం కూడా తగ్గింది. 1815లో పేలిన తంబోరా వలన మరుసటి సంవత్సరం ఐరోపా, ఉత్తర అమెరికాలలో వేసవి లేకుండా పోయి పంటలు నాశనమయ్యాయి.

తోబా వలన మానవజాతి దాదాపు అంతరించే స్థితికి వచ్చిందని 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ ప్రతిపాదించారు. తరువాతి ఆధారాలు దీనిని బలపరచలేదు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు మట్టిలో తీవ్రమైన చలి జాడలు కనిపించలేదని 2013లో తేలింది. దక్షిణాఫ్రికాలోని పినకిల్ పాయింట్ వద్ద మనుషులు నిరాటంకంగా జీవించారని 2018లో, మధ్య ప్రదేశ్ సోన్ లోయలోని ధాబా వద్ద పనిముట్ల పరంపర తెగలేదని 2020లో ప్రకటించారు. అయితే బంగాళాఖాతపు అవక్షేపాలలోని పుప్పొడిని బట్టి మధ్య భారతంలో అడవులు తగ్గి గడ్డిభూములు పెరిగాయని 2009లో మరొక బృందం వాదించింది. ప్రభావం అన్ని చోట్ల ఒకే విధంగా లేదన్నది ప్రస్తుత అభిప్రాయం.

నేడు సంభవిస్తే

నాటి మానవులు చిన్న గుంపులుగా తిరుగుతూ, ఒక ఆహారం దొరకనప్పుడు మరొకదానికి మారగలిగేవారు. నేటి సమాజం నిర్ణీత కాలంలో వచ్చే పంటలపైన, విద్యుత్తుపైన, రవాణాపైన ఆధారపడి ఉన్నది. జ్వాలాపురానికి ఈశాన్యంగా 300 కి.మీ.కు పైగా దూరంలో, హనుమకొండ జిల్లాలో ఉన్న కాజీపేటను ఉదాహరణగా తీసుకుంటే చిక్కులు స్పష్టమవుతాయి.

* రైల్వే: కాజీపేట హైదరాబాదు, విజయవాడ, బల్లార్షా మార్గాలు కలిసే జంక్షన్. తడిసిన బూడిద విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కనుక తీగల ఇన్సులేటర్లు పనిచేయవు. డీజిల్ ఇంజన్ల గాలి వడపోతలు పూడుకుపోతాయి. బొగ్గు, ధాన్యం రవాణా నిలిచిపోతుంది.
* నీరు: జ్వాలాపురంలో వలెనే వాలుల మీది బూడిద వానకు పల్లానికి చేరుతుంది. వడ్డేపల్లి చెరువు, ధర్మసాగర్ వంటి జలాశయాలకు ఇదే ప్రమాదం.
* ఇళ్ళు: 5 సెం.మీ. పొడి బూడిద చదరపు మీటరుకు సుమారు 30 నుండి 50 కిలోలు తూగుతుంది. తడిస్తే బరువు రెట్టింపు వరకు పెరుగుతుంది. రేకుల కప్పులు, పాత పెంకుటిళ్ళు దీనిని తట్టుకోవడం కష్టం.
* సేద్యం: ఋతుపవనాలు బలహీనపడితే వరి, పత్తి, మిరప పంటలు ఒక సంవత్సరం కాక వరుసగా కొన్ని సంవత్సరాలు దెబ్బతినవచ్చు.

సంసిద్ధత

ఇటువంటి విస్ఫోటనాన్ని ఆపే మార్గం లేదు. అయితే భూకంపాలు, నేల ఉబ్బడం, వాయువుల విడుదల వంటి సూచనలు ముందుగా కనిపిస్తాయి. అమెరికాలోని ఎల్లోస్టోన్ వద్ద వీటిని నిరంతరం గమనిస్తున్నారు. అక్కడ ఒక సంవత్సరంలో మహా విస్ఫోటనం జరిగే అవకాశం సుమారు 7,30,000లో ఒకటి అని అమెరికా భూగర్భ సర్వే అంచనా. తంబోరా స్థాయి విస్ఫోటనాలు మాత్రం ఇంతకంటే ఎంతో తరచుగా వస్తాయి. కనుక సన్నాహం ముఖ్యంగా వాటికి అవసరమని శాస్త్రజ్ఞులు చెబుతారు.

బూడిద పడే సమయంలో ఇంటిలోనే ఉండడం, ముక్కుకు, నోటికి మాస్కు ధరించడం, నీటి తొట్లను, బావులను మూసి ఉంచడం, కప్పుపై బూడిదను తడవక ముందే తొలగించడం, పశువులకు శుభ్రమైన మేత దాచడం ప్రాథమిక జాగ్రత్తలు. ఇంటి నిల్వలు కొద్ది వారాలకే సరిపోతాయి. కొన్ని సంవత్సరాల పంటనష్టాన్ని ఎదుర్కోవడానికి ప్రభుత్వ ధాన్యాగారాలు, తక్కువ నీటితో పండే జొన్న, సజ్జ, కొర్ర వంటి పంటల విత్తనాలు, దేశాల మధ్య ఆహార సహకారం అవసరం. సూర్యరశ్మి తగ్గినప్పుడు పుట్టగొడుగులు, సముద్రపు నాచు వంటివాటిని ఆహారంగా పెంచడంపై డేవిడ్ డెంకెన్‌బర్గర్, జాషువా పియర్స్ 2014లో ఒక పుస్తకం ప్రచురించారు.

ఇవి కూడా చూడండి

* బనగానపల్లె
* బిల్లసర్గం గుహలు
* బారెన్ దీవి
* దక్కన్ పీఠభూమి