తాళపుచెవి ఇచ్చుటకు ముందు లైసెన్సు చూడవలెను



కోతల కాలము. కల్లములో ధాన్యము సిద్ధముగా నున్నది. ఆకాశమున మబ్బులు కమ్ముచున్నవి. మీ ట్రాక్టరు డ్రైవరు ఆనాడు రాలేదు. "బాబాయ్, నాకు తోలడం వచ్చు, యార్డు దాకా నేను తీసుకుపోతాను" అని పొరుగింటి కుర్రవాడు ముందుకు వచ్చును. అతనికి లైసెన్సు లేదని మీకు తెలియును. అయినను ఒక్కపూట పనియే గదా యని తాళపుచెవి ఇత్తురు. దారిలో ప్రమాదము జరిగినచో ఆ కుర్రవానితో పాటు మీరును దోషులగుదురు. ఏ విధముగనో తెలిసికొందము.

యజమాని బాధ్యత

1988 నాటి మోటారు వాహనముల చట్టము 3వ సెక్షను ప్రకారము, ఆ తరగతి వాహనమునకు చెల్లుబాటగు లైసెన్సు లేనివారు బహిరంగ స్థలములో వాహనము నడుపరాదు. మోటారు సైకిలు లైసెన్సు ట్రాక్టరుకు పనికిరాదు. ప్రజలకు రాకపోకల హక్కు గల గ్రామవీధి కూడ బహిరంగ స్థలమే. అట్టివారికి వాహనము నడుపుటకు అనుమతి ఇయ్యరాదని 5వ సెక్షను యజమానిని, వాహనము ఎవరి అధీనములో నున్నదో వారిని ఆదేశించుచున్నది.

"వాహనము బ్యాంకు హైపోథికేషన్‌లో నున్నది గదా, యజమాని బ్యాంకు కాదా?" అని కొందరు అడుగుచుందురు. కాదు. అట్టి వాహనమును స్వాధీనములో నుంచుకొన్న ఋణగ్రహీతయే యజమాని యని చట్టము నిర్వచించినది.

శిక్షలు

180వ సెక్షను క్రింద అనుమతి ఇచ్చిన యజమానికి 3 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. పూర్వము రూ. 1,000 వరకు నున్న ఈ జరిమానాను 2019 సవరణ చట్టము రూ. 5,000 చేసినది. నడిపినవారికి 181వ సెక్షను క్రింద వేరుగా శిక్ష కలదు.

నడిపినవారు 18 ఏండ్లు నిండని బాలురైనచో విషయము మరింత తీవ్రము. 2019లో చేర్చిన 199-ఎ సెక్షను ప్రకారము సంరక్షకునికి లేదా యజమానికి 3 సంవత్సరముల వరకు జైలు, రూ. 25,000 జరిమానా. వాహన రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు లభింపదు. తనకు తెలియకుండ జరిగినదని, లేదా తగిన జాగ్రత్త వహించితినని రుజువు చేసికొను భారము పెద్దలదే.

బీమా, బాకీ

జరిమానా కంటె పెద్ద నష్టము నష్టపరిహారములో నున్నది. యజమాని నిర్లక్ష్యము రుజువైనచో, బీమా సంస్థ బాధితులకు చెల్లించిన సొమ్మును యజమాని నుండి రాబట్టుకొనవచ్చునని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో తీర్పు చెప్పినది. మీ ట్రాక్టరు మరమ్మతు క్లెయిము కూడ తిరస్కరింపబడవచ్చును. వాహనము మూలపడినను బ్యాంకు కిస్తులు ఆగవు. ఒక్కపూట సాయము పొలము అమ్ముకొను స్థితికి తేవచ్చును.

డీలర్లకు మనవి

వాహనమును అప్పగించునపుడు దానిని రోడ్డుపై నడుపబోవు వ్యక్తి లైసెన్సు చూడుడు. ప్రదర్శన వాహనములు మీ అధీనములో నుండును గనుక 5వ సెక్షను మీకును వర్తించును. పాత వాహనము అమ్మిన రైతు రిజిస్ట్రేషను మార్పు జరుగునట్లు చూచుకొనవలెను. రికార్డులో పేరున్నవారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో స్పష్టము చేసినది.

పాటింపదగినవి

1. డ్రైవరును పెట్టుకొనునపుడు లైసెన్సు అసలు ప్రతిని చూచి, వాహన తరగతి, గడువు తేదీ గమనించి, నకలు దాచుకొనుడు.
2. లెర్నర్ లైసెన్సు గలవారి ప్రక్కన లైసెన్సు గల శిక్షకుడు తప్పక ఉండవలెను.
3. బీమా గడువు దాటనీయకుడు.
4. తాళపుచెవిని పిల్లలకు అందకుండ ఉంచుడు.
5. నడుపుట వచ్చిన కుర్రవారు ఇంట నున్నచో, వయస్సు రాగానే రవాణా కార్యాలయమునకు తీసికొనిపోయి లైసెన్సు ఇప్పించుడు.

అయినవారికి కాదనుట కష్టమే. కాని లైసెన్సు లేనివారికి కాదనుట వారి ప్రాణమునకు, మీ ఆస్తికి కూడ రక్షణ.