యాప్ తీసేసినా డబ్బులు కట్ అవుతున్నాయా? ఆటోపే ఆపాల్సింది ఎక్కడంటే..

ఫోన్‌లో యాప్ ఉండదు. దాని పేరు కూడా సరిగా గుర్తుండదు. కానీ నెల నెలా 199 రూపాయలు మాత్రం ఖాతాలోంచి పోతూనే ఉంటాయి. ఏడాది తర్వాత పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించుకుంటే అప్పుడు లెక్క తేలుతుంది.. 2,388 రూపాయలు!

జీతం, పింఛను లెక్క చూసుకుని ఖర్చు పెట్టే ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు. కరెంటు బిల్లుకో, మందులకో ఉంచుకున్న డబ్బు ఇలా పోతుంటే ఏం చేయాలి?

యాప్ తీసేస్తే ఎందుకు ఆగదు?

'ఒక్క రూపాయికే ఏడు రోజుల ట్రయల్' అన్న ప్రకటన చూసి నొక్కుతాం. యూపీఐ పిన్ కొడతాం. ఒక్క రూపాయి కట్టామనే అనుకుంటాం. నిజానికి ఆ పిన్‌తో, ఇకపై ప్రతి నెలా ఫలానా మొత్తం తీసుకోవచ్చని కంపెనీకి అనుమతి ఇచ్చినట్టు అవుతుంది. దీన్నే మ్యాండేట్ అంటారు. అది ఉండేది మన బ్యాంకు, యూపీఐ వ్యవస్థలో. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన మ్యాండేట్ రద్దు కాదు.

ఆర్‌బీఐ నిబంధనలు ఏం చెబుతున్నాయి?

కార్డు, యూపీఐ ద్వారా ఇలా ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే ముందు, కనీసం 24 గంటల ముందుగా ఖాతాదారుకు సమాచారం ఇవ్వాలి. ఎవరు తీసుకుంటున్నారు, ఎంత, ఎప్పుడు అనే వివరాలు అందులో ఉండాలి. ఆ ఒక్క చెల్లింపును గానీ, మొత్తం మ్యాండేట్‌ను గానీ వద్దనుకునే హక్కు ఖాతాదారుకు ఉంటుంది. మ్యాండేట్‌ను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

మొదటిసారి అనుమతి ఇచ్చాక, సాధారణంగా 15,000 రూపాయల లోపు చెల్లింపులకు మళ్లీ ఓటీపీ గానీ, పిన్ గానీ అడగరు. అందుకే ఆ ముందస్తు మెసేజ్‌ను ప్రకటన అనుకుని డిలీట్ చేయకండి.

ఎక్కడ రద్దు చేయాలి?

యూపీఐతో కట్టి ఉంటే: ఏ యూపీఐ యాప్‌లో అనుమతి ఇచ్చారో అందులోనే 'ఆటోపే' విభాగం తెరవండి. నడుస్తున్న మ్యాండేట్ల జాబితా కనిపిస్తుంది. అక్కర్లేనిదాన్ని రద్దు చేయండి.

కార్డుతో కట్టి ఉంటే: మీ బ్యాంకు యాప్‌లో లేదా నెట్ బ్యాంకింగ్‌లో ఇ-మ్యాండేట్ల విభాగం చూడండి. దొరక్కపోతే బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి.

ప్లే స్టోర్, యాప్ స్టోర్ ద్వారా తీసుకుని ఉంటే: ఆ స్టోర్‌లోనే 'సబ్‌స్క్రిప్షన్స్'లోకి వెళ్లి రద్దు చేయాలి.

రద్దయినట్టు వచ్చిన మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. అయితే ఒక జాగ్రత్త. ఆ జాబితాలో లోన్ వాయిదా, బీమా ప్రీమియం కూడా ఉండొచ్చు. పొరపాటున వాటిని రద్దు చేస్తే అపరాధ రుసుము పడొచ్చు, పాలసీ ఆగిపోవచ్చు.

రద్దు బటన్ కనపడకుండా దాచడం తప్పు కాదా?

తప్పే. చేరడానికి ఒక్క క్లిక్ చాలు, బయటపడాలంటే పది పేజీలు తిరగాలి అన్నట్టుగా యాప్‌లను తయారు చేయడాన్ని 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' అంటారు. వినియోగదారులను తప్పుదారి పట్టించే ఇలాంటి 13 రకాల 'డార్క్ ప్యాటర్న్స్'ను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీ చేసింది. రద్దు చేసే మార్గాన్ని దాచడం, ఉచిత ట్రయల్ కోసం కూడా చెల్లింపు వివరాలు తప్పనిసరిగా అడగడం ఇందులోకే వస్తాయి.

ఫిర్యాదు ఎవరికి చేయాలి?

ముందుగా కంపెనీకి ఈమెయిల్ పంపండి. ఫోన్‌లో మాట్లాడితే ఆధారం మిగలదు. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కాల్ చేయండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు ఫిర్యాదును కంపెనీకి పంపి పరిష్కారానికి ప్రయత్నిస్తారు. కానీ డబ్బు తిరిగి ఇవ్వాలని ఆదేశించే అధికారం వారికి లేదు.

ఆ అధికారం వినియోగదారుల కమిషన్‌ది. కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కొన్న వస్తువు లేదా సేవ విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. 'ఈ-జాగృతి' పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు.

మ్యాండేట్ రద్దు చేశాక కూడా డబ్బు పోతే అది బ్యాంకు చూడాల్సిన విషయం. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా పరిష్కారం కాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. ఆర్‌బీఐ సహాయ నంబరు 14448.

కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి, కనిపించిన మొదటి నంబరుకు కాల్ చేయకండి. నకిలీ నంబర్లు పెట్టి మోసం చేసేవాళ్లున్నారు. 'రీఫండ్ కోసం పిన్ కొట్టండి' అంటే అది మోసమే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మోసపోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

ఈరోజు ఐదు నిమిషాలు కేటాయించి మీ ఫోన్‌లో 'ఆటోపే' జాబితా చూడండి. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ కూడా ఒకసారి అడిగి తీసుకుని చూడండి.