పాపమంతా డ్రైవర్‌దేనా?

వేసవి సెలవుల్లో మా మేనల్లుడు తొమ్మిది వందలు పెట్టి గేమ్‌ప్యాడ్ కొన్నాడు. దానివల్ల మా బావగారి లాప్‌టాప్‌కి వదిలిన చేతిచమురు రెండున్నర వేలు.

జరిగిందేమిటంటే, ప్యాడ్ గుచ్చగానే లైటు వెలిగింది, విండోస్ ‘టుడుంగ్’ మంది, గేమ్‌లో మాత్రం బొమ్మ అంగుళం కదల్లేదు. వీడు వీడియో పెట్టాడు. అందులో ఒక అన్న, “డ్రైవర్ మిస్సింగ్ బ్రో” అని తీర్పు చెప్పి, కింద లింకులో ఉన్న డ్రైవర్ అప్‌డేటర్ దించుకోమన్నాడు. యాంటీవైరస్ అడ్డుపడితే కాసేపు ఆపేయమన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు, వీడు ఆపేశాడు. ఆ ప్రోగ్రాం లాప్‌టాప్ అంతా సోదా చేసి, ఇరవైమూడు డ్రైవర్లు చచ్చిపోయే స్థితిలో ఉన్నాయని ఎర్రక్షరాల్లో ప్రకటించింది. అన్నీ బాగుచెయ్యమని నొక్కాడు. రీస్టార్ట్ అయ్యాక వైఫై మాయం. బ్రౌజర్ తెరిస్తే ముక్కూమొహం తెలియని సెర్చ్ పేజీ. బొమ్మ మాత్రం నిలబడ్డచోటే నిలబడి ఉంది. చివరికి దుకాణానికి తీసుకెళ్లి విండోస్ మొత్తం మళ్లీ వేయించారు.

ఆ తర్వాత నా దగ్గరికి తెచ్చాడు. ప్యాడ్ మధ్యలో ఉన్న హోమ్ బటన్‌ని ఐదారు సెకన్లు నొక్కి పట్టుకున్నాను. బొమ్మ పరిగెత్తింది.

‘కంట్రోలర్ పనిచెయ్యట్లేదంటే డ్రైవర్ లేనట్టే’ అన్న అపోహకి ఒకప్పుడు కాస్త ఆధారం ఉండేది. విండోస్ 7 రోజుల్లో కొన్ని కంట్రోలర్లకి నిజంగానే డ్రైవర్ విడిగా దించుకోవాల్సి వచ్చేది. చవక ప్యాడ్‌ల డబ్బాల్లో అరచేతిలో పట్టే చిన్న సీడీ కూడా ఉండేది. ఆ సీడీలో ఉండేది ఎక్కువగా వైబ్రేషన్ పనిచేయించే సరుకే, బటన్లకి దానితో పనిలేదు. ఇప్పటి సంగతి వేరు. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ డ్రైవర్ విండోస్ 10, 11 రెండింటిలోనూ పుట్టుకతోనే ఉంది. మిగతా యూఎస్‌బీ ప్యాడ్‌లని విండోస్ మౌసు, కీబోర్డుల కుటుంబంలోనే కలిపేసి, తన దగ్గరున్న మామూలు డ్రైవర్‌తోనే నడిపేస్తుంది. మౌసు కొన్నప్పుడు డ్రైవర్ కోసం ఊళ్లమ్మట తిరుగుతున్నామా?

మరి బొమ్మ ఎందుకు కదల్లేదు? ప్యాడ్‌లు మాట్లాడే భాషలు రెండు. పాతది డైరెక్ట్‌ఇన్‌పుట్. ‘నాకు పన్నెండు బటన్లున్నాయి, వాటిలో మూడోది నొక్కారు’ అని మాత్రమే చెబుతుంది. ఆ మూడోది గెంతడానికా, కాల్చడానికా అన్నది గేమ్ తేల్చుకోవాలి. రెండోది 2005లో ఎక్స్‌బాక్స్ 360తో వచ్చిన ఎక్స్‌ఇన్‌పుట్. ఇందులో ఏ బటన్ ఎక్కడుంటుందో ముందే ఖాయం. ఒకేసారి నలుగురికి మించి ఆటగాళ్లని ఒప్పుకోదు కూడా. ఖాయంగా ఉండటం పని తగ్గిస్తుంది కాబట్టి కొత్త గేమ్‌లు చాలావరకు రెండో భాషే వింటాయి. మావాడి ప్యాడ్ పాత భాషలో గొంతు చించుకుంటోంది, గేమ్‌కి అది వినబడదు. ఈ మధ్యలో డ్రైవర్ చేసిన నేరమేమిటి?

భాష మార్చే మీట చాలా ప్యాడ్‌ల ఒంటిమీదే ఉంటుంది. కొన్నింటికి హోమ్ బటన్, కొన్నింటికి మోడ్ బటన్. లాజిటెక్ ఎఫ్310కైతే వెనకవైపు డీ, ఎక్స్ అనే రెండక్షరాల మధ్య జరిగే బుల్లి స్విచ్. అది డీ వైపు ఉండగా ప్యాడ్‌ని చెత్తబుట్టలో వేసినవాళ్లు నాకు తెలుసు.

డ్రైవర్ ఉందో లేదో తేల్చుకోవడానికి అరనిమిషం చాలు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ‘జాయ్ డాట్ సీపీఎల్’ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టండి. గేమ్ కంట్రోలర్ల జాబితా తెరుచుకుంటుంది. మీ ప్యాడ్ పేరు ఎంచుకుని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి బటన్లు నొక్కండి. అక్కడ చుక్కలు వెలిగాయా, డ్రైవర్ తన ఉద్యోగం తాను చేసినట్టే. ఇక గొడవ ప్యాడ్ మోడ్‌దో, గేమ్ సెట్టింగ్‌దో.

పేరే కనబడకపోతే ముందు వైరుని అనుమానించండి. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకి, రెండు డేటాకి. కొన్ని చవక చార్జింగ్ కేబుళ్లలో ఆ డేటా తీగలే ఉండవు. ప్యాడ్‌లో లైటు వెలుగుతుంది, చార్జ్ అవుతుంది, కంప్యూటర్‌కి మాత్రం అలాంటి ప్రాణి ఒకటుందనే తెలియదు. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం కింద కోడ్ 43, ‘డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్’ అని కనిపిస్తే, ‘నువ్వెవరు?’ అని కంప్యూటర్ అడిగింది, ప్యాడ్ సరిగా జవాబివ్వలేదు అని అర్థం. ఎవరో తెలియనివాడికి ఏ డ్రైవర్ వెతికి వేస్తారు? కేబుల్ మార్చండి, హబ్ తీసేసి నేరుగా గుచ్చండి, ఇంకో పోర్టు చూడండి. కోడ్ 28 వస్తే మాత్రం అది నిజంగా డ్రైవర్ లేకపోవడమే. అప్పుడు కూడా వెతకాల్సింది విండోస్ అప్‌డేట్‌లోని ఆప్షనల్ అప్‌డేట్స్‌లో, లేదా ప్యాడ్ తయారీదారు సైట్‌లో. వీడియో కింద లింకులో కాదు.

ఈ అప్‌డేటర్ల వ్యాపారం చూడండి. సోదా ఉచితం, భయం ఉచితం, బాగుచేయడానికే డబ్బు. చాలావాటిని యాంటీవైరస్‌లు ‘అక్కర్లేని ప్రోగ్రాం’ కోవలో పడేస్తాయి. అందుకే కదా ముందు యాంటీవైరస్ ఆపమనేది! ఇంకాస్త ముదిరిన సలహా ఒకటుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు 7 నొక్కి, డ్రైవర్ల సంతకం తనిఖీని ఎత్తేసి, ఆ తర్వాత ఫలానా ఫైలు ఎక్కించమని. విస్టా కాలం నుంచీ 64 బిట్ విండోస్ సంతకం లేని డ్రైవర్‌ని లోపలికి రానివ్వకపోవడానికి కారణముంది. డ్రైవర్ అంటే ఇంటి తాళాలన్నీ మొలలో దోపుకుని తిరిగే మనిషి. తొమ్మిది వందల ప్యాడ్ కోసం వాచ్‌మన్‌ని టీకి పంపించి ఎవరినో లోపలికి పిలుస్తారా?

సరే, ఒకటి ఒప్పుకోక తప్పదు. ‘ఎక్స్360సీఈ అనే ప్రోగ్రాం వేస్తేగానీ పాత ప్యాడ్ పలకదు’ అంటారు. మోడ్ మార్చే మీట లేని పాతకాలపు ప్యాడ్‌ల విషయంలో అది నిజమే. వాటి మాటని ఎక్స్‌ఇన్‌పుట్‌లోకి మార్చే దుబాసీ ఒకరు కావాలి. స్టీమ్‌లో లేని గేమ్‌లలో ప్లేస్టేషన్ కంట్రోలర్‌కీ చాలాసార్లు అదే గతి. అయితే అది దుబాసీయే, డ్రైవర్ అప్‌డేటర్ కాదు. పైగా స్టీమ్ ఉన్నవాళ్లకి ఆ దుబాసీ ఇంట్లోనే ఉన్నాడు. బయటి గేమ్‌ని కూడా స్టీమ్ లైబ్రరీలో చేర్చుకుని, స్టీమ్ ఇన్‌పుట్ ఆన్ చేసి చూడండి. ఒకే మాట, ఇద్దరు దుబాసీలని ఒకేసారి కూర్చోబెట్టకండి. స్టీమ్ ఇన్‌పుట్, ప్లేస్టేషన్ కంట్రోలర్‌కి దుబాసీ అయిన డీఎస్4విండోస్ రెండూ నడుస్తుంటే ఒక నొక్కుకి మెనూ రెండు మెట్లు దిగుతుంది. మీరు దానికీ డ్రైవర్‌నే తిడతారు.

మిగతావి గబగబా. ‘స్టిక్ దానంతటదే పక్కకి లాగుతోంది, డ్రైవర్ మళ్లీ వేస్తే పోతుంది.’ పోదు. సాధారణంగా లోపల అరిగిపోయిన భాగమది. గేమ్‌లో డెడ్‌జోన్ (స్టిక్ చిన్న కదలికల్ని పట్టించుకోని హద్దు) పెంచితే కొన్నాళ్లు దాగుతుంది, అంతే. ‘డ్యుయల్‌సెన్స్ గుచ్చగానే సౌండ్ డ్రైవర్ పాడైంది.’ పాడవలేదు. ఆ కంట్రోలర్‌లో స్పీకర్, హెడ్‌ఫోన్ జాక్ ఉన్నాయి కాబట్టి విండోస్ శబ్దాన్ని అటు మళ్లించింది. టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి వెనక్కి మార్చుకోండి. ‘ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ బ్లూటూత్‌లో కనబడట్లేదు.’ 2013లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్‌కి బ్లూటూతే లేదు. 2016లో వన్ ఎస్‌తో వచ్చినదానికి ఉంది. మెరిసే ఎక్స్‌బాక్స్ బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ముందు పలకతో కలిసిపోయి ఉంటే బ్లూటూత్ ఉన్నట్టు, పైనున్న బంపర్లతో కలిసి ఉంటే లేనట్టు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందు చూసుకోండి. ‘వాలొరెంట్‌లో నా ప్యాడ్ పనిచెయ్యట్లేదు.’ పీసీలో ఆ గేమ్ ఎవరి ప్యాడ్‌నీ తీసుకోదు నాయనా.

ఈసారి ఏదైనా దించుకోబోయే ముందు కేబుల్ మార్చండి, జాయ్ డాట్ సీపీఎల్ చూడండి, ప్యాడ్‌ని తిరగేసి స్విచ్ ఉందేమో వెతకండి. ఇంతకీ మావాడి ప్యాడ్ హోమ్ బటన్ సంగతి డబ్బాలోని మడత కాగితం మీద అచ్చువేసే ఉంది. వాడు దాన్ని డబ్బాతో సహా మొదటిరోజే పారేశాడు. మీరు పారేయకండి.