ప్రశ్నకు చోటెక్కడ?

అవుననో కాదనో జవాబొచ్చే ప్రశ్న వేయడానికి తెలుగులో ఒక్క దీర్ఘం చాలు. ‘రవి వస్తాడు’ కాస్తా ‘రవి వస్తాడా?’ అవుతుంది, మాటల వరస చెక్కుచెదరదు. ఇంగ్లీషులో అలా కుదరదు. ‘రవి విల్ కమ్’ అన్న వాక్యంలోని ‘విల్’ కర్తను దాటి ముందుకు రావాలి: ‘విల్ రవి కమ్?’ ఇంగ్లీషు పద్ధతే లోకరీతి అనుకునేరు! భాషావేత్త మాథ్యూ డ్రయర్ 955 భాషల్ని పోల్చి చూస్తే, ప్రశ్న కోసం ప్రత్యేకంగా ఓ చిన్న పదాన్ని చేర్చేవి 585 తేలాయి. మాటల వరస మార్చి అడిగేవి 13 మాత్రమే. ఇంత అరుదైన అలవాటు మీద భాషాశాస్త్రంలో ఇంత పెద్ద చర్చ నడవడం నాకు తమాషాగా ఉంటుంది.

చర్చకు మూలం నోమ్ చామ్‌స్కీ. ఆయన 1957లో ‘సింటాక్టిక్ స్ట్రక్చర్స్’ వెలువరించాక జెనరేటివ్ గ్రామర్ (వాక్యాలను పుట్టించే నియమాల వ్యాకరణం) ఊపందుకుంది. ఇంగ్లీషు ప్రశ్న గురించి ఆ సిద్ధాంతం అడిగేది ఇదీ: ముందుకు జరగాల్సిన సహాయక క్రియ (‘విల్’, ‘ఈజ్’ లాంటిది) ఏది? వరసలో మొదట వినిపించేదే అనుకుందాం. అప్పుడు ‘ది బాయ్ హూ ఈజ్ స్లీపింగ్ ఈజ్ హంగ్రీ’ నుంచి ‘ఈజ్ ది బాయ్ హూ స్లీపింగ్ ఈజ్ హంగ్రీ?’ అనే వికారం పుడుతుంది. జరగాల్సింది రెండో ‘ఈజ్’. ప్రధాన వాక్యానిది అదే. మొదటిది కర్తలో ఇమిడిన ఉపవాక్యానిది. అంటే నియమం మాటల్ని లెక్కపెట్టదు, వాక్యనిర్మాణాన్ని చూస్తుంది.

స్టీఫెన్ క్రెయిన్, మినేహారు నకయామా అనే పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లల చేత ఒక బొమ్మను ఇలాంటి ప్రశ్నలే అడిగించి 1987లో ఫలితాలు ప్రకటించారు. పిల్లలు తప్పులు చేయకపోలేదు; కొందరు ‘ఈజ్’ను ముందోసారి, దాని అసలు చోట మరోసారి పలికారు. పై వికారాన్ని మాత్రం ఎవరూ పలకలేదు. ఇది పుట్టుకతో వచ్చిన జ్ఞానమా, విన్న మాటల నుంచి పట్టుకున్నదా అన్న తగువు ఇంకా తెగలేదు.

సహాయక క్రియ లేని చోట సంగతి మరీ బాగుంటుంది. ‘రవి వెంట్ హోమ్’ను ప్రశ్నగా మారిస్తే ‘డిడ్ రవి గో హోమ్?’ భూతకాలం ఒక్కటే విడివడి ముందుకొచ్చింది, క్రియ ఉన్నచోటే ఉండిపోయింది. కాలం ఒంటరిగా నిలవలేదు కనుక ‘డూ’ దాన్ని మోస్తుంది. షేక్స్పియర్ కాలపు ఇంగ్లీషులో అసలు క్రియే కర్తను దాటి రాగలిగేది.

కర్తకు ముందున్న చోటు ఖాళీగా ఉంటేనే ఈ కదలిక. ‘ఐ డోంట్ నో ఇఫ్ రవి విల్ కమ్’లో ‘ఇఫ్’ అక్కడ ముందే కూర్చుంది, ‘విల్’ కదలదు. మనవాళ్ల ఇంగ్లీషు జారేదీ ఇక్కడే. జరపాల్సిన చోట జరపకుండా ‘యు ఆర్ కమింగ్?’ అంటాం, అక్కర్లేని చోట జరిపి ‘ఐ డోంట్ నో వెన్ విల్ హి కమ్’ అంటాం. అమెరికాలో పెరిగిన పిల్లలు సరిదిద్దుతారు గానీ, ఎందుకు తప్పో అడిగితే చెప్పలేరు. నియమం తెలియకుండానే ఒంటబట్టడం అంటే అదే.

తెలుగులోనూ ఈ తేడా ఉంది. నేరుగా అడిగితే ‘వస్తాడా?’, ఇంకో వాక్యంలో ఇమిడిస్తే ‘వస్తాడో రాడో తెలియదు’. కదలికతో ఇంగ్లీషు చేసే పనిని తెలుగు ‘ఆ’, ‘ఓ’లతో చేస్తుంది. ఇంగ్లీషు వాక్యానికి మొదట్లో ఉన్న ఆ చోటు, క్రియతో ముగిసే మన వాక్యానికి చివర ఉంటుందని ఈ సిద్ధాంతంలో పనిచేసే చాలామంది అంటారు. తెలుగు వాక్యాన్ని ఈ దారిలో పరిశీలించిన వారిలో ముందువరసలో ఉన్నవారు చేకూరి రామారావు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి వచ్చి ‘తెలుగు వాక్యం’ రాశారు.

అయితే మన ‘ఆ’ క్రియనే అంటిపెట్టుకుని ఉండదు. ‘రవి నిన్ననా వెళ్ళింది?’, ‘రవా నిన్న వెళ్ళింది?’ అనుమానం ఏ మాట మీద ఉంటే దాన్ని పట్టుకుంటుంది. పట్టుకోగానే ‘వెళ్ళాడు’ పోయి ‘వెళ్ళింది’ వస్తుంది. కర్త మగవాడైనా, ‘మీరు’ అయినా అంతే: ‘మీరా వెళ్ళింది?’ ‘ఆ’ ఉండే చోటు వాక్యం చివరే అయితే మధ్యలో ఉన్న ‘నిన్న’ దాకా ఎలా వచ్చింది, క్రియ తన లింగవచనాలను ఎందుకు వదులుకుంది అన్నవి సిద్ధాంతం జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు. ఇంగ్లీషు ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే అవి తట్టనే తట్టవు.