నాలుగు ట్యాంకులు, పదహారు మంది

ట్యాంకు ఆట అనగానే కనిపించిందల్లా పేల్చుకుంటూ పోవడమే అనుకుంటారు చాలామంది. ‘ఎం1 ట్యాంక్ ప్లటూన్’లో నేను ఎక్కువసేపు చేసే పని మాత్రం మిట్ట చాటున ట్యాంకు ఆపి కాచుకుని కూర్చోవడమే.

అమెరికాలోని మేరీలాండ్‌లో సిడ్ మైయర్, బిల్ స్టీలీ పెట్టిన మైక్రోప్రోస్ కంపెనీ 1989లో తెచ్చిన ఆట ఇది. రూపకర్త ఆర్నాల్డ్ హెండ్రిక్. డాస్ పీసీలతోపాటు అమిగా, అటారీ ఎస్‌టీ కంప్యూటర్ల మీదా ఆడారు. మధ్య యూరప్‌లో సోవియట్ సేనలతో యుద్ధం మొదలైతే ఎలా ఉంటుందన్నది ఊహ. బెర్లిన్ గోడ కూలింది కూడా ఆ ఏడాదే!

మన చేతికి వచ్చేది ఒక ప్లటూన్. నాలుగు అబ్రామ్స్ ట్యాంకులు, ఒక్కోదాంట్లో కమాండర్, గన్నర్, లోడర్, డ్రైవర్. మ్యాపు చూస్తూ నాలుగింటినీ నడపొచ్చు, కావాలంటే ఏదో ఒకదాంట్లో గన్నర్ సీట్లోకి వెళ్లొచ్చు.

తెర మీద నేలంటే రంగు పలకలే. అయినా వాటిని చదవడం రావాలి. మిట్ట నెత్తికెక్కితే ట్యాంకు నిలువెల్లా శత్రువు కంటబడుతుంది. కాస్త వెనక్కి జరిపి, ఒళ్లంతా మట్టి చాటున ఉంచి, ఫిరంగి ఉన్న టరెట్ మాత్రమే పైకి కనిపించేలా ఆపాలి. దీన్నే ‘హల్ డౌన్’ అంటారు. అది కుదిరిన చోటు దొరికితే సగం పోరు గెలిచినట్టే.

తర్వాత గుండు సంగతి. సేబో అనే రకం గుండులో పేలుడు మందు ఉండదు. బరువైన లోహపు ములికి సెకనుకు కిలోమీటరున్నరకు పైగా వేగంతో వెళ్లి కవచాన్ని చీలుస్తుంది. ట్యాంకు మీదికి అదే వాడాలి. హీట్ గుండు తగిలిన చోట పేలి, లోహాన్ని సన్నటి ధారగా లోపలికి పొడుస్తుంది. బీఎంపీల్లాంటి పలుచటి కవచం బళ్లకు అది చాలు. అబ్రామ్స్‌లో గుండు ఎక్కించేది మనిషే. సోవియట్ టీ-72లో ఆ పని యంత్రానిది, అందుకే అందులో సిబ్బంది ముగ్గురే.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ పదహారు మంది లెక్క. బతికి బయటపడ్డవాళ్లకు అనుభవం పెరుగుతుంది, పతకాలొస్తాయి, హోదా పెరుగుతుంది. పోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లొస్తారు. చెయ్యి తిరిగిన గన్నర్ పోయాక గెలిచినా మనసొప్పదు. అందుకే నాలుగింటినీ ఒక్కసారి ముందుకు తోలను. రెండు మిట్ట చాటున ఫిరంగులు ఎక్కుపెట్టి ఉంటే, మిగతా రెండూ కదులుతాయి.