కొండంత కెరటంపై పలక సవారీ
తెప్ప మీద వేటకు వెళ్లే మన మత్స్యకారులకు ఒడ్డున విరిగే కెరటాలు దాటేవరకే పెద్ద గండం. హవాయి దీవుల్లో మాత్రం ఆ విరిగే కెరటాన్నే వెతుక్కుంటూ వెళ్లే మనుషులున్నారు. పలకపై బోర్లా పడుకుని, చేతులతో నీటిని తోసుకుంటూ పోయి, కెరటం పైకెత్తే క్షణాన దిగ్గున లేచి నిలబడి, దాని వాలున జారుతూ వస్తారు. సర్ఫింగ్ అనే ఈ ఆటను అక్కడ పూర్వం రాజులు, సామాన్యులు, ఆడామగా అందరూ ఆడేవారు.

ఓహూ దీవి ఉత్తర తీరాన వైమియా అనే అఖాతం ఉంది. శీతాకాలంలో ఉత్తర పసిఫిక్‌లో ఎక్కడో రేగిన తుపాను తాకిడి ఎంతో దూరం ప్రయాణించి, ఇక్కడ లోతు తగ్గేచోట ఒక్కసారిగా పైకి లేస్తుంది. తాడిచెట్టంత కెరటమంటే అతిశయోక్తి కాదు. 1943లో డికీ క్రాస్ అనే యువకుడు ఇక్కడ గల్లంతయ్యాక ఆ నీటి జోలికి పోవడానికి చాలాకాలం జంకారు. 1957లో గ్రెగ్ నాల్, మరికొందరు ధైర్యం చేశారు.

మరి పడితే? ఘనపు మీటరు నీరే టన్ను బరువు. అలాంటి నీరు నెత్తిన విరిగి మనిషిని అడుగుకు తొక్కేస్తుంది. ఏది పైనో, ఏది కిందో తెలియదు. గింజుకుంటే ఊపిరి త్వరగా అయిపోతుంది. తేలేలోగా రెండో కెరటం వచ్చిందా, ఇక చెప్పేదేముంది!

ఇలాంటి చోట 1968లో కాపలాకు నియమితుడైనవాడు ఎడ్డీ ఐకావ్. ఎవరూ దిగని కెరటాల్లోకి దిగి వందలాది మందిని ఒడ్డుకు లాక్కొచ్చాడు. ఆయన కాపలాలో అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదని చెప్పుకుంటారు.

1978 మార్చి 16న హోకులేఅ అనే జంట పడవలో, పూర్వీకుల పద్ధతిలో తాహితీకి బయలుదేరిన బృందంలో ఎడ్డీ కూడా ఉన్నాడు. ఆ రాత్రే పడవ బోల్తా పడింది. తెల్లవారాక, సాయం తెస్తానని తన పలకపై లానై దీవి వైపు సాగిపోయాడు. మిగిలినవారందరినీ ఆ రాత్రి రక్షించారు. ఎడ్డీ జాడ మాత్రం దొరకలేదు. అప్పటికి ఆయన వయసు 31.

ఆయన పేరిట వైమియాలో పోటీ జరుగుతుంది. కెరటం ముఖం 40 అడుగులకు చేరితేనే జరుపుతారు, లేకుంటే ఆ ఏడాదికి లేనట్టే. మన తిరునాళ్లకు పంతులు ముహూర్తం పెడితే, అక్కడ సముద్రం పెట్టాలన్నమాట! ఏడేళ్ల తర్వాత 2023 జనవరి 22న ఆ ముహూర్తం కుదిరింది. గెలిచిన ల్యూక్ షెపర్డ్‌సన్ ఆ రోజు అదే ఒడ్డున కాపలా డ్యూటీలో ఉన్నాడు. విరామం తీసుకుని పోటీలో దిగి, కెరటం ఎక్కి వచ్చి, మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయాడు.